సంఘపు జీపున రెండవ బ్యాటరీ - వెనుకకు మార్చు విధము

కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో పశువులకు గొంతువాపు టీకా వానలకు ముందే వేయింపవలెను. వానలు పడి, గడ్డి మొలచి, పశువు తడిసిన పిమ్మట టీకా వేయించుట ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుటవంటిది. కావున మందును మేనెల ఎండలోనే గ్రామములకు చేర్చవలసి వచ్చుచున్నది. రామగుండమునను, ఆదిలాబాదునను ఆ దినములలో ఎండ 45 డిగ్రీలను దాటుట కలదు. టీకామందు ఉండవలసినదో, 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ. అంతకు మించి వేడెక్కినను చెడును, గడ్డకట్టినను చెడును.

ఇందలి ప్రమాదమేమన, చెడిన మందు చూపునకు మంచి మందువలెనే యుండును. పాలు విఱిగిన వాసన చూచి తెలిసికొనవచ్చును. విత్తనము చెడిన మొలకవేసి చూడవచ్చును. చెడిన టీకాను కనిపెట్టుటకు రైతునొద్ద సాధనము లేదు. తన బఱ్ఱెకు రక్షణ కలిగినదని నమ్మి అతడు నిశ్చింతగా నుండును. శ్రావణమున పశువు గొంతు వాచి, ఊపిరాడక పడిపోయిననాడు టీకానే నిందించును. మఱుసటి యేడు టీకా వేయువారిని దొడ్డిలోనికి రానీయడు. ఒక్క పెట్టె మందు చెడుటవలన ఒక గ్రామపు నమ్మకము చెడునని తెలియవలెను. 2019లో కేంద్రప్రభుత్వమువారు గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నరికట్టుటకు దేశవ్యాప్తముగా టీకాల కార్యక్రమమును ప్రారంభించిరి. అట్టి కార్యక్రమము సైతము కడపట నిలుచునది పెట్టెలోని చల్లదనముమీదనే.

వానలు పడిన తరువాత మఱియొక చిక్కు. ఆదిలాబాదు రేగడి నేలలలో బండిబాటలు బురదయై, ఒఱ్ఱెలు పాఱుచుండగా, మామూలు మోటారు పోజాలదు. నాలుగు చక్రములకును ఇంజను బలము చేరు జీపు కావలెను. మనదేశమున ఇట్టి జీపులను కూర్చు పని 1940ల చివరి భాగమున మహీంద్రా సంస్థవారు విల్లీస్ జీపులతో బొంబాయిలో ఆరంభించిరి; నాటినుండి అడవిపల్లెల బాటలకు జీపు పరిచితమే. సంఘపు జీపు వెనుకభాగమున బ్యాటరీతో నడచు చిన్న ఫ్రిజ్జునుంచి, పశువైద్యశాఖవారి మందును అందులో చేర్చి పల్లెపల్లెకు కొనిపోవుట మంచి యుపాయము. ఆ ఫ్రిజ్జుకు విద్యుత్తునిచ్చు రెండవ బ్యాటరీని ఎచట నుంచవలెను, ముందునుండి వెనుకకు మార్చదలచినచో ఎట్లు మార్చవలెను అనునదియే నేటి పాఠము.

1. రెండవ బ్యాటరీ యేల?

జీపునకు సహజముగా నుండు బ్యాటరీ పని వేఱు. అది ఇంజను త్రిప్పునపుడు కొన్ని క్షణములపాటు వందల ఆంపియర్లనిచ్చి, పిమ్మట ఆల్టర్నేటరునుండి ఆ నష్టమును పూడ్చుకొనును. ఫ్రిజ్జు అట్లు కాదు. ఇంచుమించు 5 ఆంపియర్లు మాత్రమే తీసికొనును గాని గంటలకొలది తీసికొనును. నిండు వేసవిలో గంటకు సగము సేపు అది నడచుననుకొన్నచో, గంటకు రెండున్నర ఆంపియర్-గంటలు, 20 గంటలకు 50 ఆంపియర్-గంటలు ఖర్చగును. ఈ ఖర్చును ఇంజను బ్యాటరీపై వేసినచో, రాత్రి ఊరిలో నిలిపిన జీపు తెల్లవాఱి కదలదు. కావున ఫ్రిజ్జుకు వేఱొక బ్యాటరీ కావలెను. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడుకొనకుండుట దాని ఆయువునకు మేలు. ఆ లెక్కన అది ఇంజను నడువకున్నను ఒక రాత్రియు, మఱునాటి ఉదయమును ఫ్రిజ్జును కాపాడును.

2. ముందుంచుటయా, వెనుకనుంచుటయా?

మెకానిక్కులు తఱచుగా రెండవ బ్యాటరీని బానెట్టు క్రింద నుంచుదురు. అచట చోటు కొంత యుండును. మొదటి బ్యాటరీ దగ్గఱ నుండును. తీగ తక్కువ పట్టును. కాని మన సీమలో రెండు కారణములచేత అది మేలు కాదు.

మొదటిది వేడి. సీసపు బ్యాటరీ 25 డిగ్రీల వేడిమిలో ఎంతకాలము బ్రతుకునో, ఆపై ప్రతి పది డిగ్రీలకును ఆ ఆయువు ఇంచుమించు సగమగుచు వచ్చునని స్థూలమైన లెక్క. బయటనే 45 డిగ్రీలున్నపుడు, ఇంజను ప్రక్కన, సైలెన్సరు పైపు చేరువ నుండు వేడి ఎంతయో యూహింపవచ్చును. ఇంజను బ్యాటరీ ఆ వేడిని భరింపక తప్పదు. రెండవదానిని కూడ అచ్చటనే కూర్చుండబెట్టుట ఎద్దును నీడ యుండగా ఎండలో కట్టివేయుటవంటిది.

రెండవది దూరము. ఫ్రిజ్జు వెనుక నుండగా బ్యాటరీ ముందున్నచో, ఆ చిన్న ప్రవాహము సన్నని తీగలో జీపు పొడవునను పోవలెను. దారిలో వోల్టేజి తఱిగి, బ్యాటరీలో శక్తి యుండగనే, ఫ్రిజ్జు 'బ్యాటరీ అయిపోయినది' అని తలచి తన్ను తాను ఆపుకొనును. ఇట్లు అర్ధరాత్రి ఆగిన ఫ్రిజ్జు సంగతి ఉదయమునకు గాని తెలియదు.

ఐనను వెనుకభాగము సర్వగుణ సంపన్నము కాదు. తలుపులు మూసి ఎండలో నిలిపిన జీపు లోపలి వేడి బయటి వేడికంటె మిక్కిలి హెచ్చును. బ్యాటరీని వెనుక అద్దము క్రింద ఎండ నేరుగా తగులుచోట నుంచరాదు. జీపును చెట్టునీడనో, గోదాము ప్రక్కనో నిలుపు నియమముండవలెను. ఇవి పాటించినచో వెనుకకు మార్చుటయే మేలు.

బరువు మాటయు చెప్పవలెను. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ సుమారు 30 కిలోలుండును. దానిని వెనుక ఇరుసునకు ఆవల, తలుపు చేరువ నుంచుటకంటె, ఇరుసునకు ముందు, సీటు వెనుకగా నుంచుట బురదలోను, ఎగుడుదిగుడు బాటలోను నడకకు మంచిది.

3. కాలువ చివరి మడి

బ్యాటరీ వెనుకకు పోయిన పిమ్మట, దానికి ఆల్టర్నేటరునుండి శక్తిని తెచ్చు తీగ పొడవగును. అసలు పాఠము ఇచటనే యున్నది. బ్యాటరీని మార్చుట సులభము. దాని దారిని సరిచేయుట కష్టము. ఖర్చును, ప్రమాదమును రెండును ఆ తీగలోనే యున్నవి.

1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగరు ప్రాజెక్టు కాకతీయ కాలువ క్రింది రైతులకు ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. తలకట్టున నీరు నిండుగా వదలినను, కాలువ యిఱుకై, పూడి, దూరమైనకొలది చివరి మడికి నీరు అందదు. విద్యుత్తును అంతియే. తీగ లావు కాలువ వెడల్పు. తీగ పొడవు కాలువ దూరము. వోల్టేజి నీటి యెత్తు. సన్నని పొడవైన తీగ చివర వోల్టేజి పడిపోవును. వెనుకటి బ్యాటరీ చివరి మడి.

లెక్క యిది: ఒక చదరపు మిల్లీమీటరు లావు, ఒక మీటరు పొడవు గల రాగితీగకు నిరోధము సుమారు 0.0175 ఓము. దీనిని తీగ పొడవుతో హెచ్చవేసి, లావుతో భాగింపవలెను. వచ్చిన దానిని ఆంపియర్లతో హెచ్చవేసినచో దారిలో పోవు వోల్టులు తెలియును. జీపులో తీగ మలుపులతో కలిపి పోవుటకు 5 మీటర్లు, వచ్చుటకు 5 మీటర్లు, మొత్తము 10 మీటర్లనుకొందము. ఖాళీయైన బ్యాటరీ 40 ఆంపియర్లు కోఱినదనుకొందము. అపుడు:

2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 2.8 వోల్టులు పోవును.
6 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఇంచుమించు 1.2 వోల్టులు పోవును.
16 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.44 వోల్టు పోవును.
25 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.28 వోల్టు పోవును.

ఆల్టర్నేటరు 14.2 వోల్టులిచ్చుచుండగా దారిలో 2.8 పోయినచో మిగులునది 11.4, దానితో బ్యాటరీ నిండనే నిండదు. వాస్తవమున అప్పుడు బ్యాటరీ 40 ఆంపియర్లు తీసికొనజాలక, కొద్దికొద్దిగా తీసికొనుచు, దినమంతయు తిరిగినను సగమే నిండును. సగము నిండిన సీసపు బ్యాటరీని అట్లే యుంచుచు వచ్చినచో లోపలి పలకలు గట్టిపడి కొలదికాలమునకే చచ్చును. 'బ్యాటరీ మంచిది కాదు' అని దుకాణముపై తప్పు మోపు సందర్భములలో అనేకము తీగ తప్పులే. వేసవిలో రాగి వేడెక్కినపుడు ఈ నష్టము నూటికి పదివంతుల దాక మఱియు హెచ్చును. కావున 16కు తక్కువ తీగ వేయరాదు. 25 వేసినచో నిశ్చింత.

తీగ కొనునపుడు కొనను గీకి చూడవలెను. పైన రాగిపూత, లోపల అల్యూమినియము గల తీగలు బజారులో కలవు. వాని నిరోధము అసలు రాగికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లుండును. గీకినచోట వెండివలె తెల్లనైనచో అది రాగి కాదు.

4. రెండు కొనలందును ఫ్యూజు

బోరుమోటారుకు ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దానిలో లావు రాగితీగ చుట్టి, తుదకు మోటారునే కాల్చుకొన్నవారు పల్లెలలో లేకపోలేదు. ఫ్యూజు తీగను కాపాడుటకే యున్నది. జీపులో ఈ మాట మఱింత ముఖ్యము. ఏలయన, జీపు ఇనుపదేహమంతయు బ్యాటరీ ఋణకొనతో కలిసియే యుండును. ధనకొననుండి వచ్చు తీగ రబ్బరుతొడుగు ఎచట రాచికొనిపోయి ఇనుమును తాకినను, ఆ క్షణమున బ్యాటరీనుండి వందల ఆంపియర్లు, ఒక్కొక్కప్పుడు వేయికి మించి, దానిలో పాఱును. తీగ ఎఱ్ఱగా కాలి తొడుగును, సీటును, క్రింది నూనె మరకలను అంటించును. ప్రక్కనే డీజిలు గొట్టమున్నది.

మామూలు తీగకు ఒక కొననే బ్యాటరీ యుండును. ఒక ఫ్యూజు చాలును. ఈ పొడవు తీగకు రెండు కొనలందును బ్యాటరీ కలదు. మధ్యలో తెగి ఇనుమును తాకినచో ఇరువైపులనుండియు ప్రవాహము వచ్చును. ముందరి ఫ్యూజు ఒక్కటి పోయినంతమాత్రమున మంట ఆగదు. వెనుకటి బ్యాటరీ దానిని పోషించుచునే యుండును. కావున ముందొకటి, వెనుకొకటి ఫ్యూజులుండి తీరవలెను. ప్రతి ఫ్యూజును బ్యాటరీ కొనకు జానెడు దూరములోపల నుంచవలెను. ఫ్యూజుకును బ్యాటరీకిని నడుమనున్న తీగకు రక్షణ లేదు గదా.

16 చదరపు మిల్లీమీటర్ల తీగకు 80 ఆంపియర్లును, 25 గల దానికి 100 ఆంపియర్లును మించిన ఫ్యూజు వేయరాదు. ఫ్రిజ్జుకు పోవు 2.5 తీగకు ప్రత్యేకముగా 15 ఆంపియర్ల ఫ్యూజు చాలును. వెనుకటి బ్యాటరీతో ఇంజనును త్రిప్పవచ్చునని కొందఱు తలంతురు. స్టార్టరు వందల ఆంపియర్లు కోఱును. ఈ తీగయు, ఈ ఫ్యూజులును అందులకు కావు.

5. కలుపుట, విడదీయుట

ఇంజను నడచునపుడు రెండు బ్యాటరీలును కలిసియుండి, ఆగినపుడు విడిపోవలెను. లేనిచో ఫ్రిజ్జు రెండింటిని ఖాళీచేయును. ఈ పనికి వోల్టేజిని గుర్తించు రిలే యొకటి కలదు. సాధారణముగా 13.3 వోల్టుల చేరువ అది కలుపును, 12.8 చేరువ విడదీయును. ఇది పాత జీపులకు చాలును.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ - 6 కాలుష్య నియమములు వచ్చిన పిమ్మటి వాహనములలో చాలవానియందు ఆల్టర్నేటరు ఇంధనపు పొదుపునకై తన వోల్టేజిని తానే తగ్గించుకొనుచు, హెచ్చించుకొనుచు నుండును. అట్టి దానిలో రిలే తఱచుగా విడిపోయి వెనుకటి బ్యాటరీ ఆకలితో నుండును. అందులో డి.సి. నుండి డి.సి.కి మార్చు చార్జరు వేయవలెను. అది వచ్చిన వోల్టేజి ఎంతయైనను బ్యాటరీకి తగినట్లు మార్చి యిచ్చును. దానిని వెనుక బ్యాటరీ ప్రక్కనే అమర్చవలెను. 25 ఆంపియర్ల చార్జరైనచో, 50 ఆంపియర్-గంటల లోటు పూడ్చుటకు రెండుగంటలకు పైగా, పూర్తిగా నిండుటకు మూడునాలుగు గంటలు జీపు నడువవలెను. ఊరిలో పది నిమిషములు ఇంజను నడిపి ఆపినంతమాత్రమున బ్యాటరీ నిండదు.

లిథియం బ్యాటరీ వేయదలచువారు దానిని బానెట్టు క్రింద ఎన్నటికిని ఉంచరాదు. దానికి తగిన చార్జరు లేక రిలేతో కలుపరాదు. బరువు సగమునకు తక్కువయే గాని వెల హెచ్చు.

6. వాయువు, ఆమ్లము, బంధనము

నీరు పోయు సీసపు బ్యాటరీ చార్జి అగునపుడు హైడ్రోజను వాయువు బయలుదేరును. గాలిలో అది నూటికి నాలుగు వంతులైనచో చిన్న నిప్పురవ్వకు ప్రేలును. బానెట్టు క్రింద గాలి ఆడును. మూసిన జీపు వెనుక ఆడదు. కావున నీరు పోయు బ్యాటరీని మనుష్యులు కూర్చుండు గదిలో విడిగా నుంచరాదు. మూతగల పెట్టెలో నుంచి, పెట్టెనుండి గొట్టము నేలక్రిందికి బయటికి తీయవలెను. దానికంటె, మూసివేయబడిన ఏ.జి.యమ్. రకపు బ్యాటరీ మేలు. జీపు ఒఱ్ఱెలో ఒరిగినను ఆమ్లము ఒలుకదు. దానికిని వాయుగొట్టపు రంధ్రమున్నచో గొట్టము తగిలించి బయటికి వదలవలెను. రిలేను, ఫ్యూజును పెట్టెలోపల నుంచరాదు. నిప్పురవ్వ అచటనే పుట్టును గనుక.

ఇక బంధనము. ముప్పది కిలోల బ్యాటరీని త్రాటితోనో, రబ్బరుపట్టీతోనో కట్టి 'కదలదు' అనుకొనరాదు. వాహనము దేనినైన ఢీకొన్నపుడు లోపలి వస్తువుమీద దాని బరువునకు ఇరువది రెట్ల బలము కలుగవచ్చును. అనగా ఆఱువందల కిలోల బలముతో అది ముందు సీటులోని వారి వీపును తాకును. ఇనుప తట్ట, పైన ఇనుప పట్టీ, నేలరేకు క్రింద వెడల్పైన ఇనుప బిళ్ల, బోల్టులు ఉండవలెను. రేకునకు మాత్రమే బిగించినచో రేకు చిరిగి వచ్చును. రంధ్రము వేయుటకు ముందు క్రింద డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టములు ఎచటనున్నవో వంగి చూడవలెను. ధనకొనపై రబ్బరు టోపీ లేకుండ బ్యాటరీని ఎన్నడును విడువరాదు. ఒక పానా జాఱిపడిన చాలును.

7. తీగ నడచు దారి

తీగ ఇంజను గదినుండి లోపలికి వచ్చు ఇనుపగోడ రంధ్రమున రబ్బరు గ్రామెట్టు ఉండవలెను. ఇనుపరేకు అంచు కత్తివంటిది. నిర్మల్ ఘాటులవంటి బాటలలో జీపు కుదుపునకు తీగ దానిపై రాచుకొనుచునే యుండును. తీగ పొడవునను ముడుతల ప్లాస్టిక్ గొట్టపు తొడుగు వేసి, జానెడున్నరకొక క్లాంపు బిగింపవలెను. సైలెన్సరు పైపునకు, స్టీరింగు కడ్డీలకు, ప్రొపెల్లరు షాఫ్టునకు దూరముగా పోనీయవలెను. నేలక్రింద పోనిచ్చినచో బురద, రాళ్లు తగులును. సాధ్యమైనంతవఱకు లోపల, గడప రేకు క్రిందుగా నడుపుట మేలు. గోదాములలో నిలుచు జీపునకు ఎలుకల బెడదయు కలదు.

ఋణతీగ విషయమున ఒక మోసము కలదు. ఛాసిస్ గల జీపులో పైదేహము రబ్బరు దిమ్మలపై కూర్చుండును. దేహపు రేకునకు ఋణతీగ బిగించినంతమాత్రమున దారి సరిగా నుండకపోవచ్చును. ఛాసిస్ ఇనుమునకే, రంగు గీకి తళతళలాడు లోహముపై బిగించి, పైన వాసెలిన్ పూయవలెను. లేదా ముందువఱకు ఋణతీగను కూడ లావుగా నడుపవలెను. క్రొత్త వాహనముల ముందరి బ్యాటరీ ఋణకొనపై కొలత సాధనముండును. తీగను ఆ కొనపై కాక, తయారీదారు చూపిన ఛాసిస్ బిందువున బిగింపవలెను.

8. పని వరుసయు, పరీక్షయు

చేతి కడియము, ఉంగరము, గడియారము తీసి పని ఆరంభింపవలెను. మొదట ముందరి బ్యాటరీ ఋణతీగను విప్పవలెను. బ్యాటరీని బిగించుట, తీగలు నడుపుట, లగ్గులను యంత్రముతో నొక్కించుట ముగిసిన పిమ్మట, ఫ్యూజులు లేకుండగనే కలుపులన్నియు ఒకసారి చూచుకొని, చివరకు ఋణతీగలు బిగించి, ఆపై ఫ్యూజులు వేయవలెను. లగ్గును సుత్తితో కొట్టి అంటించుట పనికిరాదు. వదులు కలుపు వేడెక్కును. ఆమ్లము మీద పడినచో నీటితో చాలసేపు కడుగవలెను; కంటబడినచో కడుగుచునే వైద్యునియొద్దకు పోవలెను. నేలమీద పడిన ఆమ్లమును వంటసోడాతో అణచవచ్చును. బ్యాటరీలో పోయవలసినది డిస్టిల్డు నీరు మాత్రమే, బోరునీరు పోయరాదు.

పరీక్షకు చిన్న వోల్టుమీటరు చాలును. జీపును, ఫ్రిజ్జును ఆపి కొన్ని గంటలుంచిన పిమ్మట 12.7 చూపిన బ్యాటరీ నిండియున్నది, 12.2 చూపిన సగము. అంతకు దిగనీయరాదు. రిలేతో కలిపిన జీపులో ఇంజను నడచుచుండగా ముందు, వెనుక బ్యాటరీల వోల్టేజిని చూడవలెను. భేదము అరవోల్టునకు మించినచో ఎచటనో వదులు కలుపో, తుప్పో, సన్నతీగయో కలదు. చేతితో తాకి ఏ కలుపు వెచ్చగానున్నదో చూచినచో దోషము దొరకును. మొదటి నెల గడచిన పిమ్మట బోల్టులన్నియు మఱల బిగింపవలెను. ఫ్రిజ్జులో మందు పెట్టుటకు ముందు ఒక రాత్రి ఉష్ణమాపకముతో ఖాళీగా నడిపి, ఎండవేళను, తెల్లవాఱుజామునను 2 - 8 డిగ్రీలలోనే యున్నదా యని వ్రాసికొనవలెను.

9. సంఘము ఆలోచింపవలసినవి

ఒక్క దినమున పోయి రాగల ఊళ్లకు మాత్రమే టీకాలు చేరవేయు సంఘమునకు ఇదంతయు అనవసరము. మంచి మందపు మంచుపెట్టె, సరిగా తయారుచేసిన మంచుదిమ్మలు చాలును. గడ్డకట్టిన దిమ్మ సీసాను నేరుగా తాకకుండ చూచుకొనవలెను. ఉట్నూరు, ఆసిఫాబాదు అడవిపల్లెలవంటి దూరపు చోట్లలో రాత్రులు నిలువవలసినవారికే రెండవ బ్యాటరీ. అవసరము లేని సాధనము కొనుటయు సంఘపు సొమ్మును వృథా చేయుటయే.

1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించి, రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడిన వివరములు మాఱునట్లు వాహనమును మార్చరాదు. సీటు తీసివేసి ఆ చోట బ్యాటరీ పెట్టుట, ఛాసిస్‌ను కోయుట చేయరాదు. వారంటీ, భీమా విషయములను పనికి ముందే వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను.

నాడు కరీంనగరము జిల్లాలోను, నేడు హనుమకొండ జిల్లాలోను ఉన్న ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి చొరవతో స్థాపింపబడిన సహకార గ్రామీణ బ్యాంకు పలువుర చిన్న సొమ్మును ఒకచోట చేర్చి పెద్దపని చేయవచ్చునని ఈ సీమ రైతులకు చూపినది. ఉమ్మడి సొమ్ముతో కొనిన జీపు ఎవరిదియు కాదన్నట్లు చూడబడరాదు. ఎవరో యొకరు బాధ్యులై, వారమునకొకసారి వోల్టేజిని, నెలకొకసారి తీగను చూచి పుస్తకమున వ్రాయవలెను.

తదుపరి సంఘపు సమావేశమున సభ్యులు జీపు చెంతకు పోయి ఈ ప్రశ్నలు వేయుదురుగాక:

(1) పొడవు తీగకు రెండు కొనలందును ఫ్యూజులు కలవా? అవి తీగ లావునకు తగినవేనా?
(2) తీగ లావెంత? అది అసలు రాగియేనా?
(3) బ్యాటరీని ఒక మనుష్యుడు బలముగా లాగినచో కదలుచున్నదా?
(4) వాయువు బయటికి పోవు దారి యేది?
(5) నిన్నటి రాత్రి ఫ్రిజ్జులోని వేడిమి ఎంత? ఎవరు వ్రాసిరి?

ఐదవ ప్రశ్నకు పుస్తకములో సమాధానము లేనిచో, మొదటి నాలుగింటికి ఎంత చక్కని సమాధానములున్నను, ఆ జీపులో టీకామందు పెట్టరాదు.